తెలుగు వికీపీడియాలో మా ఊరి చెరువు

మాది ములుగు జిల్లాలో ఒక పల్లె. తెలుగు వికీపీడియాలో ఊరి పేజీ ఎప్పటినుంచో ఉంది గానీ, 2011 జనగణన లెక్కలు తప్ప అందులో పెద్దగా ఏమీ లేవు. చెరువు గురించి ఒక పేరా రాశాను. కాకతీయుల కాలంలో తవ్వించారన్న వాక్యం పక్కన త్వరలోనే "ఆధారం చూపాలి" అని పడింది. కొన్నాళ్లకు ఆ వాక్యాన్నే తీసేశారు.

కోపం వచ్చింది. తాతల నుంచి వింటున్న మాట అది. దాన్ని తిరిగి పెట్టడం ఒక్క నొక్కుతో అయ్యే పనే. కానీ ఒకరు తీయడం, ఇంకొకరు పెట్టడం మొదలైతే దాన్ని దిద్దుబాటు యుద్ధం అంటారు, అక్కడ అది పద్ధతి కాదు. అందుకే వ్యాసం గురించి మాట్లాడుకోవడానికి ఉండే చర్చ పేజీలో అడిగాను, చివర నాలుగు టిల్డె గుర్తులతో (~~~~) సంతకం పెట్టి. వాక్యం తీసేసినాయన మర్యాదగానే జవాబిచ్చారు: "మీ మాట అబద్ధమని కాదండీ. చదివేవాళ్లు సరిచూసుకోవడానికి అచ్చులో ఏదైనా ఉందా?" న్యాయమైన ప్రశ్న. మా జిల్లాలోనే ఉన్న రామప్ప గుడికి కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడి పేరుతో 1213 నాటి శాసనం ఉంది. మా చెరువుకూ అలాంటిది దొరకాలి.

హనుమకొండ వెళ్లి లైబ్రరీలో శాసనాల పుస్తకాలు తిరగేశాను. చుట్టుపక్కల ఊళ్ల పేర్లున్నాయి, మాది లేదు. చెరువుల మరమ్మతుకు తెలంగాణ ప్రభుత్వం పెట్టిన మిషన్ కాకతీయ పథకం జాబితాలో చెరువు పేరు, ఆయకట్టు మాత్రం దొరికాయి. వాటిని మూలంతో సహా చేర్చాను, ఎవరూ అడ్డు చెప్పలేదు.

పేజీలో ఇంకో గొడవ జిల్లా పేరు మీద, అది సులువుగానే తేలింది. మా ఊరు 2016లో వరంగల్ నుంచి భూపాలపల్లి జిల్లాకు, 2019లో ములుగుకు మారింది. జనగణన లెక్కల్లో ఇంకా వరంగలే, అది చూసి ఎవరో ఒకరు మార్చేస్తుండేవారు. మొదటి వాక్యంలో ఇప్పటి జిల్లా, ఆ వెంటనే పాత జిల్లాలు రాయాలని చర్చలో అనుకున్నాం.

ఇక తూము పక్కన ఒక రాయి ఉంది, దాని మీద అక్షరాలు సగం అరిగిపోయాయి. ఫొటో తీసి, వికీపీడియా వాడుకునే బొమ్మలుండే వికీమీడియా కామన్స్‌లో ఎక్కించాను. నేనే చదివి వ్యాసంలో రాస్తే అది మౌలిక పరిశోధన, అంటే ఎక్కడా అచ్చుకాని సొంత పరిశోధన అవుతుంది, కుదరదు. శాసనాలు తెలిసినవాళ్లు చదివి ఏదైనా పత్రికలో అచ్చువేస్తే, అప్పుడు దాన్ని మూలంగా చూపొచ్చు. ఫొటో చర్చ పేజీలో ఉంచాను. పాత లిపి చదవగలిగినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి ఒకసారి చూడండి.