ఒక ఇంటిపేరు వెంట నాలుగు రోజులు

రాజంపేటలో ఆటో ఎక్కి తాళ్ళపాక అంటే "బొమ్మ కాడికా, ఊర్లోకా?" అని అడుగుతారు. బొమ్మ అంటే బోయనపల్లె దగ్గర కడప–రేణిగుంట రోడ్డు పక్కనున్న 108 అడుగుల అన్నమయ్య విగ్రహం. ఊరంటే చెన్నకేశవస్వామి, సిద్ధేశ్వరస్వామి గుళ్ళున్న అసలు తాళ్ళపాక. ఫొటోకి బొమ్మ చాలు. మాకు కావలసింది తాళ్ళపాక అనే ఇంటిపేరు పుట్టిన చోటు కాబట్టి ఊర్లోకే పోనిమ్మన్నాం.

తెలుగువాళ్ళ ఇంటిపేర్లలో చాలా భాగం ఊళ్ళ పేర్లే. అందుకే తాళ్ళపాక అనే ఇంటిపేరున్న ప్రతివాళ్ళూ అన్నమయ్య వంశమని అనుకోకూడదు. ఈ ఊరి నుంచి బయటికి వెళ్ళిన ఏ కుటుంబానికైనా ఆ పేరు అంటుకుని ఉండొచ్చు. గోత్రం, శాఖ కూడా కలవాలి: అన్నమయ్యగారిది భారద్వాజస గోత్రం, నందవరీక శాఖ. ఇంటిపేరు దారి చూపిస్తుంది కానీ సాక్ష్యం చెప్పదు.

ఊళ్ళో చూడాల్సినవి ఒక్క పూటలో అయిపోతాయి. గుళ్ళ నిర్వహణ తిరుమల తిరుపతి దేవస్థానానిది. పొద్దున్నే వెళ్ళడం మేలు, మధ్యాహ్నం తలుపులు వేస్తారు. వెళ్ళేముందు అన్నమయ్య మనవడు చిన్నన్న ద్విపదలో (రెండేసి పాదాల ఛందస్సు) రాసిన అన్నమాచార్య చరిత్రము ఒకసారి చదువుకోండి. అన్నమయ్య తాత నారాయణయ్య చదువు అబ్బక, ఊటుకూరులో చింతలమ్మ గుడి దగ్గర పాముపుట్టలో చెయ్యి పెట్టబోయిన ఘట్టం అందులో ఉంది. ఆ ఊటుకూరు రాజంపేటకు దగ్గరే. అది చదివి వెళితే పుట్ట, చింతలమ్మ, చెన్నకేశవుడు ఒక వరుసలో కనిపిస్తారు. చదవకపోతే మిగిలేవి రెండు గుళ్ళు, ఒక ధ్యానమందిరం.

కడప వైపు నుంచి వచ్చేవాళ్ళకు దారిలో ఒంటిమిట్ట, నందలూరు తగులుతాయి. నందలూరు సౌమ్యనాథుడి గుడిగోడల మీది శాసనాల కోసం ఒక గంట ఉంచుకోండి. రైలులో వస్తే గుత్తి–రేణిగుంట లైన్లో రాజంపేట స్టేషన్ ఉంది కానీ అన్ని ఎక్స్‌ప్రెస్‌లూ ఆగవు. బస్సే నమ్మకం. పటంలో కుక్కలదొడ్డి వైపు నుంచి అడవిలోగా "అన్నమయ్య మార్గం" కనిపిస్తుంది కదా అని దాన్ని నమ్ముకోవద్దు. అది శేషాచలం అడవి, అటవీశాఖ అనుమతి లేనిదే అడుగు పెట్టనివ్వరు. మేం కోడూరు, రేణిగుంట మీదుగా తిరుపతి చేరాం.

ఈ ఇంటి కవుల రాతలు వెతికే అసలు పని తిరుపతిలో మొదలవుతుంది. అక్కడికి వెళ్ళేముందు ఎవరెవరో తేల్చుకోకపోతే సగం రోజు గల్లంతే. ఈ కుటుంబంలో పేర్లు తిరిగి తిరిగి వస్తాయి. అన్నమాచార్యుడి (1408–1503) తండ్రి నారాయణసూరి, తాతా నారాయణుడే. భార్య తిమ్మక్క సుభద్రాకల్యాణం రాసింది, అదీ ప్రాసనియమం (పాదాల్లో రెండో అక్షరం కలవాలన్న కట్టుబాటు) లేని మంజరీ ద్విపదలో. మరో భార్య అక్కలమ్మకు పుట్టిన కొడుకు పెదతిరుమలాచార్యుడు. అతని కొడుకుల్లో ఒకడు చినతిరుమలాచార్యుడు, మరొకడు చినతిరువేంగళనాథుడు. ఈ రెండోవాడే చిన్నన్న. ఆ తర్వాతి తరంలో తిరువేంగళప్ప ఉన్నాడు, ఇతను వేరే మనిషి. అమరుకమనే సంస్కృత శృంగారకావ్యాన్ని తెలుగు చేసినవాడూ, అమరకోశమనే సంస్కృత నిఘంటువుకు బాలప్రబోధిక అనే టీక రాసినవాడూ ఇతనే. కేటలాగు కార్డు మీద "తిరువేంగళనాథుడు" అని మాత్రమే ఉంటే అది చిన్నన్నో, తిరువేంగళప్పో, ఇంకెవరో గ్రంథం పేరు చూసి తేల్చుకోవాలి. చిన్నన్నవి పరమయోగివిలాసము, అష్టమహిషీకల్యాణము, ఉషాకల్యాణము. ద్విపద కనిపిస్తే ముందు చిన్నన్ననే అనుమానించండి. తెనాలి రామకృష్ణుడిదని చెప్పే చాటువులో కూడా ద్విపదకు చిన్నన్న, పదానికి పెదతిరుమలయ్య, పద్యగద్యాలకు అన్నమయ్య ఇంకో కొడుకు నరసింగన్న అని పంపకం జరిగిపోయింది. ఆ పంపకం చాలావరకు పనికొస్తుంది.

చాలావరకే. పెదతిరుమలయ్య దగ్గరికొచ్చేసరికి అది చాలదు. సంకీర్తనలు సరే. వాటితోపాటు వైరాగ్యవచన మాలికాగీతాలు, వేంకటేశ్వర వచనాలు, శృంగార దండకం, చక్రవాళమంజరి, సుదర్శన రగడ, నీతిసీస శతకం, ఉదాహరణ కావ్యం, భగవద్గీతకు తెలుగు వచనం. ఇన్నిటి మధ్య రేఫఱకార నిర్ణయం అని ఒక చిన్న లక్షణగ్రంథం: ఏ మాటలో మామూలు ర రాయాలి, ఎక్కడ బండి ఱ రాయాలి అన్నదే విషయం. మా లెక్కలో ఈ ఇంటిపేరు మీద ఉన్న అన్నిటికంటే ఉపయోగకరమైన పుస్తకం ఇదే. ఎందుకో ఈ ఇంటివాళ్ళ పాటలు చెక్కించిన రాగిరేకుల దగ్గర చెప్తాం.

తిరుమల గుళ్ళో ఒకప్పుడు ఆ రేకులు దాచిన సంకీర్తన భాండారం విమాన ప్రదక్షిణంలో (గర్భగుడి చుట్టూ తిరిగే దారి), భాష్యకారుల (రామానుజుల) సన్నిధికి దగ్గర్లో ఉంది. తాళ్ళపాక అర అని కూడా అంటారు. ద్వారానికి అటూ ఇటూ గోడ మీద అన్నమయ్య, పెదతిరుమలయ్య శిల్పాలుంటాయి. దర్శనం చేసుకుని బయటికొచ్చి ప్రదక్షిణం చేసే దారిలో అది వస్తుంది. అప్పటికి అందరి ధ్యాసా హుండీ మీద ఉంటుంది, వెనకనుంచి తోపులాట. నిలబడి చూడ్డానికి అర నిమిషం దొరికితే గొప్ప. ఫోన్లు ముందే అప్పగించేసి ఉంటారు కాబట్టి ఫొటో మాటే లేదు. అందుకని ఎటు తల తిప్పాలో ముందే తెలుసుకుని లైన్లో ఆ వైపు అంచున నడవండి. రేకులు ఇప్పుడు ఆ అరలో లేవు. చూడాలంటే తిరుమలలోనే ఎస్వీ మ్యూజియానికి వెళ్ళాలి, అక్కడ కొన్ని ప్రదర్శనలో ఉంటాయి. గుళ్ళో మాత్రం ఆ కుటుంబం ఇంకా పలుకుతూనే ఉంది. "తాళ్ళపాకవారి లాలి, తరిగొండవారి హారతి" అన్నది రాత్రి స్వామిని నిద్రపుచ్చే ఏకాంతసేవ గురించి పుట్టిన నానుడి. తరిగొండవారంటే వెంగమాంబ.

ఇక రేకులు. రెండు వేలకు పైగా రాగిరేకుల మీద అన్నమయ్య, పెదతిరుమలయ్య, చినతిరుమలయ్య ముగ్గురి పాటలూ చెక్కించారు. తండ్రి పాటలనూ తనవాటినీ రాగికెక్కించే పని నడిపించింది పెదతిరుమలయ్య. రేకుకు సాధారణంగా ఆరు పాటలు, రెండు వైపులా అక్షరాలు. పాట మీద రాగం పేరు ఉంటుంది, తాళం దాదాపు ఎక్కడా ఉండదు, స్వరం అసలే లేదు. ఇవాళ కచేరీల్లో వినే బాణీల్లో దాదాపు అన్నీ ఇరవయ్యో శతాబ్దంలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారూ ఆ తర్వాతివాళ్ళూ కట్టినవి. రేకు మీద రాగం పేరు ఒకటి, పాడే రాగం ఇంకొకటి అయితే కంగారు పడక్కర్లేదు.

మొదటి రేకు మీద ఒక చిన్న పీఠిక ఉంది, తేదీలన్నీ దాన్నించే వచ్చాయి. శాలివాహన శకం 1346 క్రోధి సంవత్సరంలో, అన్నమయ్యకు పదహారో ఏట, స్వామి ప్రత్యక్షమయ్యాడు. అప్పటినుంచి శకం 1424 దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశి దాకా పాటలు వచ్చాయి. ఇక్కడ అందరూ పడే గుంట ఒకటుంది. శకానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది కాబట్టి, శకం 1346 అంటే క్రీ.శ. 1424. అన్నమయ్య కన్నుమూసిన శకం కూడా 1424! ఒకే అంకె రెండు లెక్కల్లో రెండు చివర్లకు వస్తుంది. శకం అని రాసుకోకుండా ఉత్త 1424 అని నోట్సులో పెట్టుకుంటే ఇంటికెళ్ళాక మొదలూ తుదీ తారుమారు. ఇంకో మెలిక: ఫాల్గుణం తెలుగు సంవత్సరానికి చివరి నెల, జనవరి దాటాక వస్తుంది. అందుకే అక్కడ 78 కాదు, 79 కలపాలి. 1502 కాక 1503 అయ్యింది అందుకే.

రేకు చదవడం మనం అనుకున్నంత కష్టం కాదు, అలాగని అచ్చుపుస్తకంలా సాగిపోదు. పదాల మధ్య ఖాళీ ఉండదు. అమ్మ అన్నచోట అంమ, అన్న అన్నచోట అంన అని సున్నాతో రాయడం ఆ కాలపు అలవాటు. అది తెలియకపోతే కొత్త మాటేదో దొరికిందని సంబరపడతాం. గాజుపెట్టెలో ఉన్న రేకుకు ఎదురుగా నిలబడితే మెరుపు తప్ప అక్షరం కనపడదు. ఓ పక్కకి జరిగి, వెలుతురు ఏటవాలుగా పడేలా తల వంచి చూస్తే గాటు నీడ పట్టి గీత తేలుతుంది. అనుమతితో అచ్చు తీసినవాళ్ళ కాగితాల మీద రేకు నల్లగా, అక్షరం తెల్లగా వస్తుంది. కంటికి అదే సుఖం. చేత్తో తాకే అవకాశం వచ్చినా చేతొడుగు లేకుండా తాకవద్దు. చెమటలోని ఉప్పు రాగికి చిలుము పట్టిస్తుంది.

బండి ఱ ఇక్కడ పనికొస్తుంది. రేకులో ఱ ఉన్న మాటను ర చేసి రాసుకుంటే ఒక్కోసారి అర్థమే మారిపోతుంది. ప్రాసలో ర, ఱ కలవకూడదన్నది పాత నియమం. కాబట్టి ప్రాసస్థానంలో రెండూ కలిసి కనిపిస్తే, చెక్కినవాడు తప్పాడా, మనం తప్పు చదివామా అని ఆగాలి. ఆగినప్పుడు తిప్పి చూడాల్సిన పుస్తకం రేఫఱకార నిర్ణయం. రేకులు చెక్కించినాయనే ఆ సందేహానికి జవాబూ రాసిపెట్టాడు. ఇంటర్నెట్‌లో తిరిగే పాఠాల్లో ఱ, అరసున్నా రెండూ ఎగిరిపోయి ఉంటాయి, వాటి మీద ఛందస్సు లెక్కలు కట్టకండి.

రచయితను తేల్చడంలో మరో చిక్కు. తాత, కొడుకు, మనవడు ముగ్గురూ పాట చివర సంతకంలా వేసేది వేంకటేశ్వర ముద్రే. చివరి చరణం చూసి ఎవరి పాటో చెప్పలేం, ఆధారం రేకు ఒక్కటే. అందుకే దేవస్థానం అచ్చువేసిన 29 సంపుటాల్లోంచి పాట రాసుకుంటే రేకు సంఖ్య, రేకులో ఎన్నో పాట, సంపుటం, అందులో వరుస సంఖ్య నాలుగూ రాసుకోవాలి. ఉత్త రేకు సంఖ్య చాలదు, ఇంకో వరుసలో అదే అంకె మళ్ళీ రావచ్చు. పాట మొదటి మాటల్ని నమ్ముకుంటే ఇంకా మోసం. ఒకే ఎత్తుగడతో వేర్వేరు పాటలుంటాయి.

ఈ రేకుల సంగతి బయటి లోకానికి 1922 తర్వాతే తెలిసిందని చాలామంది రాస్తారు. అప్పుడు మొదలైంది వాటిని ఎత్తి రాసుకుని అచ్చుకు తేవడం. అంతకు నూరేళ్ళ ముందే, 1816లో అచ్చయిన తన తెలుగు వ్యాకరణం ముందుమాటలో కంపెనీ అధికారి ఎ.డి. క్యాంబెల్ వీటిని ప్రస్తావించాడు. తిరుపతి కొండ మీద వేల రాగిరేకులున్నాయని విని ఒక మనిషిని పంపాడు. వ్యాకరణానికి సంబంధించిన గ్రంథం ఒక్కటి నకలు రాయించుకుని, మిగిలినవన్నీ దేవుడి స్తోత్రాలేనని పక్కన పెట్టేశాడు. ఆయన వెతికింది వ్యాకరణం, కాబట్టి ఆయన్ని తప్పు పట్టలేం. కానీ ఆ ముందుమాట చదివిన ప్రతిసారీ చెయ్యి నెత్తికి వెళుతుంది.

మూడో రోజు తిరుపతిలో దేవస్థానం శాసన సంపుటాలతో గడిచింది. తెలుగు కవుల కుటుంబం కదా అని తెలుగు శాసనాలు వెతుక్కుంటూ కూర్చుంటే పెద్దగా ఏమీ దొరకదు. కొండ మీది శాసనాల్లో ఎక్కువ భాగం తమిళంలో ఉన్నాయి. తాళ్ళపాకవాళ్ళ దానాలు కూడా అందులోనే, పేరు చివర అయ్యంగార్ చేర్చి ఉంటాయి. సూచికలో "తిరుమలాచార్య" దొరక్కపోతే "తిరుమలయ్యంగార్" చూడండి. అచ్యుతదేవరాయల కాలపు సంపుటంతో మొదలుపెడితే సమయం కలిసొస్తుంది. 1939లో పుట్టిన ప్రాచ్య పరిశోధనాలయం ఇప్పుడు ఎస్వీ యూనివర్సిటీలో ఉంది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ఈ కుటుంబం మీద పనిచేసింది ఆ సంస్థలోనే. అన్నమాచార్య చరిత్రకు ఆయన రాసిన పీఠికను మించిన దారిదీపం మాకు కనపడలేదు.

నాలుగో రోజు చెన్నై. ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం కొట్టూరుపురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయ భవనంలో ఉంది. కంపెనీ అధికారులు కాలిన్ మెకంజీ, సి.పి. బ్రౌన్ సేకరణలు ఇక్కడివే. గుర్తింపు కార్డు, సంస్థ నుంచి ఉత్తరం, కావలసిన ప్రతుల సంఖ్యలు ముందే రాసుకున్న కాగితం, పెన్సిలు తీసుకెళ్ళండి. సంఖ్యకు ముందు డి ఉంటే వర్ణనాత్మక సూచికలోనిది, ఆర్ ఉంటే తర్వాత చేరినది. అక్షరం వదిలేసి అంకె ఒక్కటే రాసిస్తే వేరే కట్ట వస్తుంది, మళ్ళీ గంట కూర్చోవాలి. తాళపత్రాలు అంటుకుపోయి ఉంటే గోటితో విడదీయకండి, సిబ్బందికి చూపించండి. నిమ్మగడ్డి నూనె రాసి మెత్తబరచడం వాళ్ళ చేతిపని. గంటంతో గీసిన అక్షరంలో మసి పోయి ఉంటే ఇక్కడా పక్కనుంచి వెలుతురే దిక్కు. ఇంటిపేరు తాళ్ళపాక, తాళ్లపాక, తాళపాక అని మూడు రకాలుగా దొరుకుతుంది, మూడూ చూడాలి.

మూడూ చూసినా ఒకాయన మిగిలిపోతాడు. శ్రీపాదరేణు మాహాత్మ్యము, శకుంతలా పరిణయము రాసిన వెంకటాచార్యుడు తాళ్ళపాకవారి ఆడపడుచు కొడుకు. కూతురి బిడ్డ కాబట్టి ఇంటిపేరు రేవణూరి. "త" సొరుగు ఎంత తిరగేసినా ఆయన దొరకడు, "ర" సొరుగు లాగాలి.