స్టీలు ప్లేటు స్టీరింగు

నిన్న మా నాలుగేళ్ల బుడ్డోడు స్టూలెక్కి కూర్చుని, స్టీలు ప్లేటు రెండు చేతులా తిప్పుతూ, ఎదురుగా ఉన్న బీరువాని "ఏం భయ్, కండ్లు కనిపిస్తలేవా?" అని తిట్టాడు. అచ్చం నా గొంతే. చివర్లో నాలుకతో "త్చ్" అనడంతో సహా. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర వెనక సీట్లో పడుకున్నాడనుకున్నా, ఏం చేస్తాం!

బీఎడ్‌లో మనస్తత్వవేత్త బండూరా చేసిన బోబో బొమ్మ ప్రయోగం (1961, స్టాన్‌ఫర్డ్) బట్టీ పట్టినవాణ్ణే. పెద్దవాళ్లు గాలిబొమ్మని బాదడం చూసిన పిల్లలు, తమకి బొమ్మ దొరగ్గానే చాలామంది అలాగే బాదారు, పెద్దలన్న మాటలే అంటూ. మార్కులైతే బాగానే వచ్చాయి.

ఆ "త్చ్" మాత్రం నా సొంతం కాదు. చేతక్ స్కూటర్ మీద ముందు నిలబడి వెళ్లే రోజుల్లో, మా నాన్న దగ్గర పట్టుకున్నది.