పాత కవరు చింపకముందే చూడాల్సినవి

హైదరాబాద్ ఆటోనగర్‌లో సీట్లు కుట్టి చేయి తిరిగినవాళ్ళు షార్జాలోనో, ఇంగ్లండ్‌లోనో పాత మిలిటరీ బండ్లు బాగుచేసే షెడ్డులో చేరగానే వదులుకోవాల్సిన అలవాటు ఒకటుంది: పాత కవరు సర్రున చింపి మూలకు విసరడం. మన దగ్గర కస్టమరు కొత్త రెక్సిన్, మెత్తటి ఫోమ్ అడుగుతాడు. అక్కడి ఓనరు 1943 నాటి తుప్పు గొట్టం ఫ్రేముకే డబ్బు పెడతాడు. అది బండితో వచ్చిందో, మధ్యలో ఎవరో ఎక్కించిందో తేల్చాకే మిషన్ ముట్టాలి.

ముందు బండి ఏదో తెలియాలి. అమెరికా సైన్యం విడిభాగాల జాబితాల్లో ఒక్కో బండికి ఒక జీ నంబరు ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధకాలపు జీపుకు జీ-503, రెండున్నర టన్నుల జీఎంసీ సీసీకేడబ్ల్యూ లారీకి జీ-508, ఆ తర్వాతి ఎం-35కు జీ-742. ఆ నంబరు జాబితాలోని బొమ్మ పక్కన పెట్టుకుని ఫ్రేము చూడాలి.

జీపులో తేలిగ్గా పట్టేసే గుర్తు డ్రైవర్ సీటు కిందే ఉంది. యుద్ధకాలపు జీపులో పెట్రోలు పోసే మూత ఆ సీటు మెత్త ఎత్తితేనే కనబడుతుంది. తర్వాత మామూలు జనం కోసం వచ్చిన సీజే-2ఏ జీపులో మూత బాడీ పక్కకు మారింది. అందుకే మెత్త కదలకుండా బిగించిన సీటు కనబడితే అనుమానించాలి.

యుద్ధకాలపు జీపులు విల్లిస్, ఫోర్డ్ రెండు కంపెనీలూ చేశాయి. ఫోర్డ్ చేసిన జీపు భాగాల మీద, బోల్టు తలల మీద కూడా, వంపు తిరిగిన చిన్న ‘ఎఫ్’ అక్షరం అచ్చు కొట్టి ఉంటుంది. విల్లిస్ బండిలో ఎఫ్ కనబడితే నకిలీ అని తొందరపడొద్దు. రెండు కంపెనీల భాగాలూ ఒకదానికొకటి సరిపోతాయి, సైన్యం మరమ్మతుల్లోనే కలిసిపోయాయి. ఈ అక్షరం కోసం శాండ్ బ్లాస్టింగ్ (ఇసుక కొట్టి రంగు ఊడగొట్టడం) మాత్రం వద్దు, లోతు తక్కువ అచ్చు అరిగిపోతుంది. పెయింట్ రిమూవర్ పూసి, నాని ఉబ్బాక ఇత్తడి బ్రష్షుతో రుద్దాలి. పాత రంగులో సీసం ఉండొచ్చు, కాబట్టి పొడి గీకుడు వద్దు, మాస్కు తప్పనిసరి.

ఎక్కువ నష్టం బోల్టుల దగ్గరే. 5/16 అంగుళం అంటే 7.94 మిల్లీమీటర్లు, మెట్రిక్ బోల్టు ఎం8 అంటే 8. చేతికి రెండూ ఒకటే అనిపిస్తాయి. అమెరికన్ సన్న మరకు అంగుళానికి 24 చుట్లు, మామూలు ఎం8కు ఇరవై. ఒకదాని చోట ఇంకోటి పెట్టి స్పానర్‌తో బలవంతంగా తిప్పితే ఫ్రేముకు వెల్డింగ్ చేసిన నట్టు పాడవుతుంది. నట్టు మార్చాలంటే ఫ్రేమే కోయాలి. పాత బ్రిటిష్ బండ్లలో బీఎస్ఎఫ్ (బ్రిటిష్ సన్న) మరలు, వాటి కోణం 55 డిగ్రీలు, అమెరికన్‌వి 60. మర చుట్లు కొలిచే పిచ్ గేజ్ జేబులో లేకుండా పనికి దిగొద్దు. తల మీద 8.8 అని ఉంటే అది మెట్రిక్ బోల్టు, యుద్ధకాలపుది కాదు.

లేబుల్ దొరికితే దాని మీది సైన్యం స్టాకు నంబరులో అంకెలు లెక్కపెట్టాలి. మొదటి నాలుగంకెలు తరగతి; 2540 తరగతి బండి సీట్లు, అలాంటి సామానుది. మొత్తం 13 అంకెలుంటే ఆ లేబుల్ 1974 తర్వాతిది, 11 ఉంటే అంతకుముందుది. 13 అంకెల నంబరులో తరగతి తర్వాతి రెండంకెలు దేశానివి: 00, 01 అమెరికా, 99 బ్రిటన్, 72 మన ఇండియా. లేబుల్ ఎప్పుడు పడిందో దీంతో తెలుస్తుంది, ఫ్రేము వయసు దాన్నిబట్టి చెప్పలేం.

కాన్వాస్ రంగు ఎండ తగిలిన చోట చూస్తే మోసపోతాం. అంచు మడత విప్పి లోపల చూడాలి. అమెరికా సైన్యం ఆలివ్ రంగుల్లో (ఓడీ అంటే ఆలివ్ డ్రాబ్) ఓడీ 3 కాస్త లేత రంగు, యుద్ధం చివర్లో వచ్చిన ఓడీ 7 ముదురాకుపచ్చ. ఒక పోగు లాగి అగ్గిపుల్ల చూపిస్తే నూలు కాగితం వాసనతో కాలి బూడిదవుతుంది. నైలాన్, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముడుచుకుంటాయి. పోగు నూలుదైనా కుట్టు దారం కరిగితే ఎవరో మళ్ళీ కుట్టారని అర్థం.

కవరు విప్పేటప్పుడు కుట్లు బ్లేడుతో ఒక్కొక్కటి తెంపి, ముక్కల మీద ఎడమ, కుడి, ముందు అని సుద్దతో రాయాలి. కొత్త కవరుకు అవే నమూనా. పాత ముక్కలు, బోల్టులు, తుప్పు పట్టిన క్లిప్పులతో సహా సంచిలో కట్టి, ఏ సీటువో చీటీ రాసి ఓనరుకు ఇచ్చేయాలి. కొందరు బిల్లు కంటే ముందు ఆ సంచే అడుగుతారు.