నికెల్ గొట్టాలకు ఆమోదం తెచ్చుకున్న క్రమం

చెన్నైలోని అంబత్తూరులో, ప్రెషర్ వెసెల్స్ (పీడనాన్ని తట్టుకునే పాత్రలు) తయారు చేసే ఒక వర్క్‌షాపులో నేను నాణ్యత విభాగం చూస్తాను. మణలి వైపున్న ఒక కర్మాగారం కాస్టిక్ సోడాను గాఢపరిచే ఉపకరణానికి గొట్టాలు కావాలని ఆర్డరు ఇచ్చినప్పుడు, లోహం ఎంపిక మొదలుకొని ఇన్‌స్పెక్టరు సంతకం వరకు బాధ్యత నా మీద పడింది.

అక్కడి చివరి దశలో ఉష్ణోగ్రత 350 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఆ వేడిలో గాఢ క్షారం తగిలితే స్టెయిన్‌లెస్ స్టీలు పగుళ్లిచ్చిపోతుంది. నికెల్‌లో మాలిబ్డినం, క్రోమియం కలిపిన హాస్టెల్లాయ్ సి-276 అనే మిశ్రమలోహం గురించి, "మామూలు నికెల్ కన్నా అది ఇంకా ఖరీదైనది కదండీ, అదే వేస్తే గొడవ ఉండదు" అని మా కొనుగోళ్ల విభాగంవారు అన్నారు. నికెల్ లోహాల విషయంలో ధరను బట్టి గట్టిదనం అంచనా వేయడం కుదరదు. సి-276లో 15 నుంచి 17 శాతం దాకా ఉండే మాలిబ్డినం, దానికి తోడైన క్రోమియం క్లోరైడ్లను, తడి క్లోరిన్‌ను ఎదుర్కోవడానికి పెట్టినవి. మరిగే క్షారంలో ఆ రెండూ కరిగిపోయే స్వభావం గలవి. అక్కడ నిలబడేది దాదాపు స్వచ్ఛమైన నికెలే.

దానిలోనూ రెండు రకాలున్నాయి. నికెల్ 200, నికెల్ 201 రెండింటిలోనూ నికెల్ కనీసం 99 శాతం ఉంటుంది. కార్బన్ గరిష్ఠ పరిమితి మాత్రం మొదటిదానికి 0.15 శాతం, రెండోదానికి 0.02 శాతం. 315 డిగ్రీలు దాటాక ఎక్కువ కార్బన్ గ్రాఫైటుగా మారి రేణువుల సరిహద్దుల్లో పేరుకుని లోహాన్ని పెళుసు చేస్తుంది కనుక మాకు 201 తప్పనిసరి. స్టాకిస్టు పంపిన గొట్టాల మీద లోహంలో ఏ మూలకం ఎంతుందో చూపే మా చేతి ఎక్స్-రే గన్ పెడితే నికెల్ శాతం చక్కగా చూపించింది గానీ, ఆ గన్‌కు కార్బన్ కనిపించదు! అందువల్ల ప్రతి హీట్ (ఒకేసారి కరిగించి పోసిన లోహపు విడత) నుంచీ ఒక ముక్క కోయించి, కార్బన్‌ను కూడా కొలవగల స్పార్క్ స్పెక్ట్రోమీటర్ ఉన్న ల్యాబుకు పంపాను. కాగితం మీది సర్టిఫికెట్‌తోనే సరిపెట్టుకుందామన్న సలహాను నేను ఒప్పుకోలేదు.

వెల్డింగే అసలు పరీక్ష. గంధకం, సీసం ఏ కాస్త అంటినా వేడి తగలగానే నికెల్ చిట్లుతుంది. మార్కింగ్ చాక్, కటింగ్ ఆయిలు, చేతి గ్రీజు అన్నీ శత్రువులే. మా శ్రీకాకుళం వెల్డరు "సార్, ఈ బ్రష్ స్టీలుకు వాడింది, దీన్ని నికెల్‌కు తగలనివ్వకండి" అని తనే పక్కన పెట్టించాడు. అతుకుకు రెండు పక్కలా అసిటోన్‌తో తుడిచి, తెల్ల గుడ్డ మీద మరక రావడం ఆగేదాకా ఆర్క్ పెట్టనివ్వలేదు. కరిగిన నికెల్ స్టీలులా పారదు, బద్ధకంగా కదులుతుంది. అందుకని అతికే అంచుల మధ్య గాడిని మామూలుకన్నా వెడల్పుగా తీయించాం. వెల్డులో గాలి గుల్లలు రాకుండా టైటానియం కలిసిన ఫిల్లర్ తీగ వాడాం.

మిగిలిన నీటి పీడన పరీక్ష, కొలతల తనిఖీ సాఫీగానే ముగిశాయి. ఇన్‌స్పెక్టరుగారు చివరలో ఒక షరతు పెట్టారు. క్షారంలో క్లోరేటు అనే మలినం ఉంటే, అంత వేడిలో నికెల్ కూడా వేగంగా హరించుకుపోతుంది. దాన్ని విరగ్గొట్టడానికి క్షారంలో కొద్దిగా పంచదార కలపడం ఆ పరిశ్రమలో పాత పద్ధతే. ఆ మోతాదు, క్లోరేటు పరీక్ష ఎప్పుడెప్పుడు చేయాలన్నది ఆపరేషన్ మాన్యువల్‌లో చేరిస్తేనే సంతకం పెడతానన్నారు. ప్లాంటువారి కెమిస్టుతో కూర్చుని ఆ పేజీ రాయించి పంపిన తరువాతే మా గొట్టాలు లారీ ఎక్కాయి.