చుక్కలు మింగేసిన స్కానింగ్: పెద్ద ఈ-ఇంక్ ట్యాబ్లెట్‌తో నా అనుభవం

ఈ నవరాత్రుల్లో ముత్తుస్వామి దీక్షితుల వారు అమ్మవారి మీద కట్టిన కమలాంబా నవావరణ కృతులన్నీ, తోడిలో ధ్యాన కృతి మొదలు శ్రీ రాగంలో మంగళం దాకా, ఒక్క కాగితం తిప్పకుండా వయొలిన్ మీద వాయించాను. గొప్పలు పోతున్నాననుకున్నా ఫర్వాలేదు, దాని వెనక పడ్డ పాట్లు నాకే తెలుసు. సభల్లో కనిపించినవాళ్ళంతా "ఆ పలక ఏంటండీ, ఎలా ఉంది" అని అడుగుతున్నారు కాబట్టి మర్చిపోకముందే రాసేస్తున్నాను.

కొనడానికి కారణం ఫ్యాన్లు. త్యాగరాజ ఆరాధన రోజు పంచరత్న కీర్తనలు అందరూ కలిసి పాడే గోష్ఠిలో కూర్చున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, వరాళి రాగ కీర్తన మధ్యలో ఉండగా పైన ఫ్యాను పేజీ తిప్పేస్తుంది, మన రెండు చేతులూ వాద్యం మీద ఉంటాయి, బట్టల క్లిప్పులు పెట్టామా, తిప్పాల్సినప్పుడు తిరగదు. మామూలు ట్యాబ్లెట్ కొన్నాళ్ళు వాడాను, కళ్ళు మంటలు, పైగా స్టేజీ లైటు పడితే స్వరాలకు బదులు నా మొహమే కనిపించేది. ఈ-ఇంక్ తెర అలా కళ్ళలోకి వెలుగు కొట్టదు. లోపల విద్యుదావేశం ఉన్న నల్ల, తెల్ల రేణువులు పైకీ కిందకీ జరిగి అక్షరాలు ఏర్పడతాయి, పేజీ మారేటప్పుడు తప్ప తెరకి కరెంటు దాదాపు అక్కర్లేదు.

సైజు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. ఏ4 కాగితాన్ని ఐమూలగా కొలిస్తే 14.3 అంగుళాలు ఉంటుంది, 13.3 అంగుళాల తెర దానికి కాస్తే తక్కువ. 10 అంగుళాల దాంట్లో నవలలు చదువుకోవచ్చు. సుబ్బరామ దీక్షితులు గారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే స్వరలిపి గ్రంథం 1904లో ఎట్టయాపురంలో తెలుగు లిపిలోనే అచ్చయింది కదా, దాని స్కాన్ చిన్న తెరలో పెడితే స్వరాల మీది గమక చిహ్నాలు (స్వరాన్ని ఎలా ఊపాలో చెప్పే గుర్తులు) నా కళ్ళకి ఆనలేదు.

తెప్పించుకోవడం తేలిక. అమెరికా నుంచి వస్తున్న మేనల్లుడు బూక్స్ అనే కంపెనీ వాళ్ళది ఒకటి పట్టుకొచ్చాడు. ధర చెప్పను, మా ఆయన కూడా ఇది చదువుతారు. ఆండ్రాయిడ్ మీద నడిచేది కాబట్టి నొటేషన్ పేజీలు చూపించే మొబైల్‌షీట్స్ యాప్ వేసుకున్నాను, అదీ పెద్ద పనేం కాదు.

అసలు కథ స్కానింగ్‌తో మొదలైంది. మా మాష్టారి నోటుపుస్తకాలు నా దగ్గర ఉన్నాయి, కొన్ని సిరాతో, చాలావరకు పెన్సిల్‌తో రాసినవి. కోఠి వైపు ఒక షాపులో ఇచ్చాను. పీడీఎఫ్ ఇచ్చారు, తెరమీద చూస్తే తెల్లగా, శుభ్రంగా ఉంది, చాలా సంతోషించాను. నల్లకుంటలో రిహార్సల్‌కి అదే పట్టుకెళ్ళాను. మిగతావి చాలావరకు నోటికి వచ్చు కాబట్టి గడిచిపోయింది గానీ, ఎనిమిదో ఆవరణ కృతి, ఘంట రాగంలోది, నాకు నోటికి రాదు, పూర్తిగా నొటేషన్ మీదే ఆధారం. మొదలుపెట్టాక గాయని పైకి వెళ్తే నేను కింద ఉంటున్నాను, ఆవిడ మంద్రానికి దిగితే నేను పైకి ఎక్కుతున్నాను. ఆవిడని మేమంతా అమ్మగారు అంటాం, ఎవరినీ పల్లెత్తు మాట అనరు. తాళం ఆపి, "ఏమ్మా, మాతోనే వస్తున్నావా, ఇంకెక్కడికైనా వెళ్తున్నావా?" అన్నారు. మృదంగం వాయించే కుర్రాడు "అక్కా, దాంట్లో నెట్ లేదేమో" అన్నాడు. వెనక కూర్చున్న ఒక పెద్దమనిషి ఊరుకోక, ఇందుకే మా కాలంలో కంఠస్థం చేయించేవారు అని మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళుగా పిల్లలకి పాఠాలు చెబుతున్న నేను అందరి ముందూ తలదించుకుని కూర్చున్నాను.

ఇంటికొచ్చి అసలు పుస్తకం పక్కన పెట్టి చూస్తే తెలిసింది, చుక్కలు లేవు! మన స్వరలిపిలో తార స్థాయి (పై స్థాయి) అయితే స్వరం పైన చుక్క, మంద్రం (కింది స్థాయి) అయితే కింద చుక్క. ఆ చుక్కలు సగానికి పైగా మాయం. రెండో కాలానికి, అంటే రెట్టింపు వేగానికి, పైన గీసే గీతలు కూడా పెన్సిల్‌వి అయితే ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. షాపుకి వెళ్ళి అడిగితే ఆ అబ్బాయి గర్వంగా, "మేడమ్, పేజీల నిండా చుక్కలు, మచ్చలు ఉన్నాయి, అన్నీ తీసేశాం, ఒరిజినల్ కన్నా నీట్‌గా వచ్చింది చూడండి" అన్నాడు. బాబూ, ఆ చుక్క ఉంటే అది పై షడ్జం (పై 'స'), లేకపోతే కాదు అన్నాను. "షడ్జం అంటే?" అన్నాడు. ఓనరు వచ్చి లోపల ఏముందో మాకు సంబంధం లేదన్నాడు. బిల్లులో క్లీనింగ్ చార్జీ విడిగా వేశారు, అది కూడా తిరిగివ్వలేదు.

జరిగిందేమిటంటే, ఫైలు చిన్నదవ్వాలని ఉత్త నలుపు-తెలుపులో స్కాన్ చేసి, పైన డీస్పెకిల్ అనే ఫిల్టర్ పెట్టారు. విడిగా ఉన్న చిన్న చుక్క ఏది కనిపించినా దుమ్ము అనుకుని తుడిచేయడమే దాని పని. లేత పెన్సిల్ గీతలు నలుపు కింద లెక్కకి రాక తెల్లగా అయిపోతాయి. కాబట్టి గ్రేస్కేల్‌లో (బూడిదరంగు ఛాయలతో), 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు), ఏ క్లీనింగూ లేకుండా స్కాన్ చేయించండి. తెర 16 బూడిదరంగు ఛాయలు చూపిస్తుంది, కాంట్రాస్ట్ ట్యాబ్లెట్‌లోనే పెంచుకోవచ్చు. ఫోన్ స్కానర్ యాప్‌లు కూడా తమంతట తాము శుభ్రం చేసేస్తాయి, జాగ్రత్త. నేను చివరికి డాబా మీద నీడపట్టున కూర్చుని అన్నీ మళ్ళీ ఫోన్ కెమెరాతోనే మామూలు ఫోటోలు తీసుకున్నాను.

ఇంకో మాట. నొటేషన్ పుస్తకాలు బీరువాలో దాచి, అడిగితే "వెతకాలమ్మా" అనే మహానుభావులు ఈ ఊళ్ళో తక్కువేం లేరు. చెదలకి ఇస్తారు గానీ శిష్యులకి ఇవ్వరు. మీ తరువాత అవి పాత పేపర్లవాడికే వెళ్తాయి, కాస్త ఆలోచించుకోండి.

పేజీ తిప్పే బ్లూటూత్ పెడల్ సంగతి. దాన్ని కుర్చీలో కూర్చుని వాయించేవాళ్ళ కోసం చేశారు. మనం కింద మఠం వేసుకుని, కుడి కాలు ముందుకి పెట్టి, వయొలిన్ కొసని చీలమండ దగ్గర ఆనిస్తాం. కుడి పాదం కదిపితే వాద్యమే కదిలిపోతుంది. ఎన్ని రకాలుగా పెట్టి చూసినా కుదరక, ఆఖరికి ఎడమ మోకాలి కింద పెట్టుకుని మోకాలితో నొక్కడం అలవాటు చేసుకున్నాను. జంపఖానా మీద జారిపోతుంది, కింద రబ్బరు మ్యాట్ ముక్క వేయాలి. టిక్కుమనే పెడల్ కొనకండి, మైకు పట్టేస్తుంది, మృదంగం వాళ్ళు గుర్రుగా చూస్తారు.

పేజీ మారగానే పాత పేజీ స్వరాలు లేతగా నీడలా మిగులుతాయి. ప్రతి పేజీకీ పూర్తి రిఫ్రెష్ అయ్యేలా పెడితే ఆ బెడద పోతుంది, కాకపోతే తెర ఒక్క క్షణం నల్లబడుతుంది. అందుకే సగం పేజీ చొప్పున మార్చే పద్ధతి పెట్టుకోండి, కింది సగం వాయిస్తుండగానే తరువాతి పేజీ పై సగం వచ్చి ఉంటుంది. తెరకి సొంత లైటు (ఫ్రంట్ లైట్) లేని మోడల్ అయితే క్లిప్ లైటు ఒకటి సంచీలో ఉండాలి, కొన్ని హాళ్ళలో వేదిక మీద దీపం ముందు తప్ప వెలుగు ఉండదు.

మొన్న కచేరీ అయ్యాక అమ్మగారు తన పుస్తకాల మూట కూడా నాకిచ్చారు, స్కాన్ చేసి పెట్టమని. షాపులో మాత్రం ఇవ్వద్దని మరీ మరీ చెప్పారు.