బిల్డ్ అయింది, రన్ కాలేదు: ఒక ఒత్తు కోసం రెండు సాయంత్రాలు

మొన్న ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు: "అన్నా, బిల్డ్ మొత్తం క్లీన్‌గా అయిపోయింది, రన్ చేస్తే సింబల్ లుకప్ ఎర్రర్ అంటోంది, మళ్లీ మొదటి నుంచి బిల్డ్ చేసేదా?" వద్దురా అన్నాను. కొన్నాళ్ల కిందట నేను సరిగ్గా అదే పని మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అదే ఎర్రర్ వచ్చింది, ఎందుకంటే బిల్డ్‌లో, అంటే సోర్స్ కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా మార్చే పనిలో, అసలు తప్పే లేదు. ఫోన్‌లో సగం చెప్పి వదిలేయడం నచ్చక ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

అప్పుడు నేను ఒక తెలుగు ఫాంట్ మీద పని చేస్తున్నాను. "స్వాతంత్ర్యం" అని టైప్ చేస్తే త కింద ర ఒత్తు, య ఒత్తు రెండూ రావాలి కదా, అవి ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. లైనక్స్‌లో అక్షరాలను, ఒత్తులను ఇలా పేర్చే పని చాలావరకు హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీదే. నా మెషీన్‌లో ఉబుంటు 22.04 ఉంది, దాంతో వచ్చేది హార్ఫ్‌బజ్ 2.7.4. తప్పు ఫాంట్‌దా, పాత లైబ్రరీదా తేల్చుకోవాలని 8.3.0 సోర్స్ తెచ్చి, సిస్టమ్ ఫైళ్ల జోలికి పోకుండా నా హోమ్ ఫోల్డర్‌నే ప్రిఫిక్స్‌గా (ఇన్‌స్టాల్ చేయాల్సిన చోటుగా) ఇచ్చి మీసాన్ అనే బిల్డ్ టూల్‌తో బిల్డ్ చేశాను. బిల్డ్ ఫోల్డర్‌లోంచి హెచ్‌బీ-షేప్ (హార్ఫ్‌బజ్‌తో వచ్చే, అక్షరాలను ఎలా పేరుస్తుందో చూపించే చిన్న ప్రోగ్రాం) నడిపితే చక్కగా నడిచింది. ఇన్‌స్టాల్ చేసి అదే ప్రోగ్రాం నడిపితే మాత్రం హెచ్‌బీతో మొదలయ్యే ఒక ఫంక్షన్ పేరు చూపించి సింబల్ లుకప్ ఎర్రర్, "అన్‌డిఫైన్డ్ సింబల్" అని, అంటే ఆ పేరు దొరకలేదని, ఆగిపోయింది.

లైబ్రరీ కోసం వెతికేవాళ్లు ఇద్దరు ఉంటారు. బిల్డ్ చేసేటప్పుడు ప్రోగ్రాంను లైబ్రరీలతో కలిపే లింకర్ వెతుకుతుంది, రన్ చేసేటప్పుడు ఆ లైబ్రరీలను మెమరీలోకి తెచ్చే లోడర్ వెతుకుతుంది, ఒకరు వెతికిన చోటు ఇంకొకరికి తెలియదు. లింకర్ మన ప్రోగ్రాంలో రాసిపెట్టేది లైబ్రరీ ఉన్న ఫోల్డర్ కాదు, దాని ఎస్ఓనేమ్, అంటే లైబ్రరీ తనకు తాను చెప్పుకునే పేరు, ఒక్కటే. హార్ఫ్‌బజ్‌కి ఆ పేరు లిబ్‌హార్ఫ్‌బజ్.ఎస్ఓ.0, 2.7.4లోనూ అదే, 8.3.0లోనూ అదే. ఆ పేరు వెనకున్న అసలు ఫైళ్లు వేరు: పాత ఫైల్ పేరు చివర 0.20704.0 అని ఉంటుంది, కొత్తదానికి 0.60830.0 అని ఉంటుంది. లోడర్ ఆ పేరు పట్టుకుని వెళ్లి, తనకు తెలిసిన సిస్టమ్ ఫోల్డర్‌లో ఉన్న పాతదాన్ని తెచ్చింది. పేరు సరిపోయింది, లోపల ఆ ఫంక్షన్ లేదు. మరి బిల్డ్ ఫోల్డర్‌లో ఎలా నడిచిందంటే, అక్కడి ప్రోగ్రాంలో మీసాన్ ఆర్‌పాత్ రాసి పెడుతుంది, అంటే లైబ్రరీ ఫలానా చోట ఉందని ప్రోగ్రాం లోపలే అడ్రస్ ఇస్తుంది, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు దాన్ని తుడిచేస్తుంది. ఈ ఒక్క విషయం తెలియక నాకు ఒక సాయంత్రం మొత్తం పోయింది.

తెలిశాక చూస్తే అది ఒక్క నిమిషం పని. ప్రోగ్రాం మీద ఎల్‌డీడీ అనే కమాండ్ కొడితే ఏ పేరుకు ఏ ఫైల్ దొరికిందో వరసగా చూపిస్తుంది, నా హోమ్ ఫోల్డర్ ఉండాల్సిన చోట సిస్టమ్ ఫోల్డర్ కనిపించింది. (ఎక్కడి నుంచో వచ్చిన, నమ్మకం లేని ప్రోగ్రాం మీద మాత్రం ఎల్‌డీడీ వాడకండి, కొన్ని సందర్భాల్లో అది ఆ ప్రోగ్రాంనే నడిపించేస్తుంది. ప్రోగ్రాంను నడపకుండా చదివే రీడెల్ఫ్ కమాండ్‌కి -డీ ఇచ్చి చూస్తే ఆ భయం ఉండదు.) అప్పటికీ అర్థం కాకపోతే ఎల్‌డీ_డీబగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి లిబ్స్ అని విలువ ఇచ్చి నడపండి, లోడర్ ఏ ఏ గుమ్మం తొక్కిందో మొత్తం చెబుతుంది.

అందుకే ఎవరైనా ఎర్రర్ పంపితే నేను ముందు చూసేది మాట్లాడుతున్నది లింకరా, లోడరా అని. "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" అంటే లింకర్ మాట, "అన్‌డిఫైన్డ్ సింబల్" అంటే దాదాపు ఎప్పుడూ లోడర్ మాట, చూడ్డానికి ఒకేలా ఉన్నా మందు వేరు. "కెనాట్ ఫైండ్ -ఎల్" అని లైబ్రరీ పేరుతో వస్తే చాలాసార్లు దాని డెవ్ ప్యాకేజీ (బిల్డ్‌కి కావాల్సిన ఫైళ్లుండేది) వేసుకోలేదని అర్థం. "కెనాట్ ఓపెన్ షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైల్" వస్తే లింకింగ్ ఎప్పుడో అయిపోయింది, లోడర్‌కి ఫైల్ దొరకలేదు, అప్పుడు రీబిల్డ్ చేస్తూ కూర్చోవడం దండగ.

రిఫరెన్స్ ఎర్రర్ కూడా నాకు అదే వారంలో తగిలింది. హార్ఫ్‌బజ్‌తో ఒక చిన్న సీ ప్రోగ్రాం రాసి, కమాండ్‌లో లైబ్రరీ పేరు ముందు, నా ఫైల్ పేరు తర్వాత ఇచ్చాను. ఉబుంటులో 11.10 నుంచి యాజ్-నీడెడ్ అనే ఆప్షన్ డిఫాల్ట్‌గా ఉంటుంది, అంటే లైబ్రరీ వరస వచ్చేసరికి దాని అవసరం ఇంకా ఎవరికీ పడకపోతే లింకర్ దాన్ని పక్కన పెట్టేస్తుంది. తర్వాత నా ఫైల్ వచ్చి అడిగితే ఇచ్చేవాళ్లు లేరు. ఫైల్ ముందు, లైబ్రరీ తర్వాత పెట్టగానే ఎర్రర్ పోయింది.

నెట్‌లో ఎక్కడ వెతికినా మొదట దొరికే సలహా ఎల్‌డీ_లైబ్రరీ_పాత్, అంటే లోడర్ ముందుగా వెతకాల్సిన ఫోల్డర్లు చెప్పే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్. ఒక్కసారి పరీక్షకి, ఆ ఒక్క కమాండ్ ముందు రాసుకుంటే మంచిదే. నేను దాన్ని బాష్‌ఆర్‌సీలో, అంటే టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ నడిచే ఫైల్‌లో, పెట్టేశాను. మర్నాడు ఏదో చూద్దామని హార్ఫ్‌బజ్ కోడ్‌లో తెలుగు భాగాన్ని కాస్త కదిపి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను, ఆ తర్వాత టెర్మినల్ నుంచి ఎడిటర్ తెరిస్తే నా నోట్స్‌లో ఒత్తులన్నీ చెల్లాచెదురు. మెనూ నుంచి తెరిస్తే అదే ఫైల్ బాగానే ఉంది. ఫాంట్ పాడైందేమోనని టెన్షన్ పడి ఫాంట్ కాష్ మొత్తం తుడిచాను కూడా. ఆ టెర్మినల్ నుంచి తెరిచే ప్రతి ప్రోగ్రాం నా ప్రయోగం లైబ్రరీనే వాడుతోందని అర్థమయ్యేసరికి రాత్రి పదకొండు దాటింది. ఆ లైన్ బాష్‌ఆర్‌సీలో మాత్రం దయచేసి పెట్టకండి.

చివరికి నేను చేసింది, మీసాన్‌కి లింక్ ఆర్గ్యుమెంట్లలో -డబ్ల్యూఎల్,-ఆర్‌పాత్ అని నా లిబ్ ఫోల్డర్ ఇచ్చి బిల్డ్ చేయడం. మనం అలా చేత్తో ఇచ్చింది ఇన్‌స్టాల్ తర్వాత కూడా ఉంటుంది. ఇప్పటికే బిల్డ్ అయిపోయిన ప్రోగ్రాం అయితే ప్యాచ్‌ఎల్ఫ్ అనే టూల్‌తో కూడా ఆ ఆర్‌పాత్ రాయొచ్చు, తమ్ముడికి అదే చెప్పాను. ఒక మెలిక ఉంది: ఉబుంటులో ఆర్‌పాత్ అని ఇచ్చినా ఫైల్‌లో పడేది రన్‌పాత్, అది ఆ ప్రోగ్రాం నేరుగా అడిగే లైబ్రరీలకే పనిచేస్తుంది, ఆ లైబ్రరీలు మళ్లీ అడిగే వాటికి పనిచేయదు. అందుకని రన్‌పాత్ ప్రోగ్రాంలోనే కాదు, మీరు బిల్డ్ చేసిన లైబ్రరీల్లో కూడా ఉండేలా చూసుకోండి.

కొత్త హెచ్‌బీ-షేప్ నడిచాక "స్వాతంత్ర్యం" ఇచ్చి చూశాను. రెండు ఒత్తుల గ్లిఫ్‌ల (ఫాంట్‌లోని ఆకారాల) పక్కన పాత వెర్షన్ చూపించిన స్థానాల అంకెలే మళ్లీ వచ్చాయి. లైబ్రరీలో తప్పు లేదు, నా ఫాంట్‌లో య ఒత్తుకి పెట్టిన యాంకరే (అది ఎక్కడ కూర్చోవాలో చెప్పే బిందువు) తప్పు, దాన్ని కిందకి దించాను.