తోతో కామెడీలో సగం పక్కవాడిదే

ఇటలీ కామెడీ నటుడు తోతో అసలు పేరు ఆంతోనియో దె కుర్తిస్. 1898లో నేపుల్స్‌లోని రియోనె సనితా పేటలో పుట్టాడు. 1937లో తొలి సినిమా. 1967లో పోయేనాటికి సినిమాల లెక్క వందకి మూడు తక్కువ. వాటిలో చుట్టేసిన సినిమాలూ చాలానే ఉన్నాయి. కథ కోసం చూస్తే నిరాశే, సీన్ల కోసం చూడాలి.

వంకర ముక్కు, పక్కకి జారే దవడ, మెడ ముందుకు సాచి కీలుబొమ్మలా నడవడం స్టేజీ రోజుల్లోనే పట్టుబడ్డాయి. గుస్తావో దె మార్కో అనే నటుణ్ణి అనుకరిస్తూ మొదలుపెట్టిన విద్య అది. అయితే అసలు బలం పక్కవాడితో ఆడటంలో ఉంది. తోటి నటుడు మారియో కాస్తెల్లానితో చేసిన రైలు పెట్టె స్కెచ్ నిజానికి కొద్ది నిమిషాలదే. జనం నవ్వేకొద్దీ సాగదీసి స్టేజీ మీద ముప్పావుగంట దాకా తీసుకెళ్లేవారు. కాస్తెల్లానిది పరువుగల ఎంపీ వేషం. ఆయన కోపం మెట్టుమెట్టుగా పెరగాలి. మొదట్లోనే అరిచేశాడా, తోతోకి గిల్లడానికి ఏమీ మిగలదు.

1956 నాటి సినిమాలోని ఉత్తరం సీన్‌లో పక్కన మరో కామెడీ నటుడు పెప్పీనో దె ఫిలిప్పో. తోతో చెబుతుంటే పెప్పీనో చెమటలు తుడుచుకుంటూ రాస్తాడు. మేనల్లుణ్ణి వదిలేయమని ఒక అమ్మాయికి ఏడు లక్షల లీరాలు పంపే ఉత్తరం అది. పిసినారులనుకుంటారేమోనని చుక్కలు, కామాలు కూడా ధారాళంగా వేయిస్తాడు. తోతో ఎంత దర్జాగా చెబుతాడో, పెప్పీనో అంత కష్టపడతాడు. నవ్వంతా ఆ తేడాలోనే.

1957లో నాటక పర్యటన మధ్యలో చూపు దాదాపు పోయింది. సెట్లో నల్లకళ్లద్దాలు పెట్టుకుని కూర్చుని, షాట్ అనగానే తీసేసి చూపున్నవాడిలా నటించేవాడు. డబ్బింగ్ దగ్గరే చిక్కు: తెర మీది పెదవులు కనబడనిదే మాట కలపలేడు. అందుకే కొన్ని సీన్లకు కార్లో క్రోక్కొలో అనే నటుడు గొంతిచ్చాడు. దర్శకుడు పాసోలీని సినిమాతో 1966లో కాన్స్ చిత్రోత్సవంలో ప్రత్యేక ప్రస్తావన దక్కిందీ ఈ స్థితిలోనే.

ఇటాలియన్ రానివాళ్లు ఉత్తరం సీన్‌తో మొదలుపెట్టకండి, సబ్‌టైటిల్స్‌లో సగం పోతుంది. 1951 నాటి ‘గ్వార్దియె ఎ లాద్రి’ చూడండి. దొంగ తోతో, తరిమే లావుపాటి పోలీసు ఆల్దో ఫాబ్రీజి. ఇద్దరికీ ఆయాసమొచ్చి ఆగిపోయాక బేరాలు మొదలవుతాయి.